వారంటీ ఇంకా రెండు నెలలే ఉంది, పీసీకి ర్యామ్, ఎస్ఎస్‌డీ వేయించొచ్చా?

సైనిక్‌పురి_నాన్న
2026 జనవరి 17, ఉదయం 9:12

అందరికీ నమస్కారం. మా ఇంట్లో ఒక బ్రాండెడ్ డెస్క్‌టాప్ ఉంది. 2023 మార్చి 22న కొన్నాను. ఐ3-12100 ప్రాసెసర్, 8 జీబీ డీడీఆర్4 ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్. ఎస్ఎస్‌డీ లేదు. 3 ఏళ్ల ఆన్‌సైట్ (ఇంజనీరు ఇంటికే వచ్చి చూసే) వారంటీ ఉంది, అంటే ఇంకా రెండు నెలలు.

మా అమ్మాయి బీటెక్ రెండో ఏడాది చదువుతోంది. సంక్రాంతి సెలవులకు హాస్టల్ నుంచి వచ్చి ప్రాజెక్టు పని చేసుకుందామని కూర్చుంటే, సగం రోజు ఆ గుండ్రంగా తిరిగే గుర్తును చూడటంతోనే సరిపోయింది. నిన్న ఫోన్‌లో టైమర్ పెట్టి చూశాను. బటన్ నొక్కినప్పటి నుంచి బ్రౌజర్ తెరుచుకునే వరకు 6 నిమిషాల 40 సెకన్లు పట్టింది.

ఇంటి దగ్గర షాపతను "క్యాబినెట్ విప్పితే వారంటీ పోతుంది సార్, మార్చి దాకా ఆగండి" అన్నాడు. సికింద్రాబాద్ సీటీసీలో (చెనాయ్ ట్రేడ్ సెంటర్) ఒక షాపుకి ఫోన్ చేస్తే "ఏమీ కాదు, తీసుకురండి, అరగంటలో వేసి ఇస్తాం" అన్నారు. ఎవరి మాట నమ్మాలో అర్థం కావడం లేదు. వారంటీ పుస్తకం రెండు సార్లు చదివాను, సన్న అక్షరాల ఇంగ్లీషు. 'ఇందులో ఇవి రావు' అన్న జాబితాయే రెండు పేజీలు ఉంది.

అమ్మాయి 25న వెళ్లిపోతుంది. ఆలోపు చేయించాలని ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

నిజాంపేట్_నైట్‌షిఫ్ట్
2026 జనవరి 17, ఉదయం 10:05

సార్, దయచేసి ఆగండి. నేను దెబ్బ తిన్నాను కాబట్టి చెబుతున్నా. 2022లో అసెంబుల్ చేయించుకున్న పీసీకి ఎండాకాలంలో వేడి ఎక్కువవుతోందని కూలర్ నేనే మార్చాను. కూలర్ తీసినప్పుడు ప్రాసెసర్ కూడా సాకెట్ నుంచి తీసి, తుడిచి మళ్లీ పెట్టాను. కొన్నాళ్లకు మదర్‌బోర్డు ఆన్ అవడం మానేసింది. 3 ఏళ్ల వారంటీలో 11 నెలలే గడిచాయి. సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే కౌంటర్ దగ్గర అమ్మాయి భూతద్దం లాంటిది పెట్టి సాకెట్ చూసి, ఫొటో తీసి నాకే చూపించింది. అన్ని పిన్నుల మధ్య ఒక్కటి పక్కకు ఒరిగి ఉంది. "ఫిజికల్ డ్యామేజ్ సార్, రిజెక్ట్" అంది. కొత్త బోర్డు కొనుక్కున్నాను.

మనం చెయ్యి పెట్టామంటే వాళ్లకి ఒక కారణం దొరికినట్టే. రెండు నెలలే కదా.

పార్క్‌లేన్_పాతకాపు
2026 జనవరి 17, మధ్యాహ్నం 1:30

సైనిక్‌పురి అన్నా, నేను పార్క్ లేన్‌లో, చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనూ దాని చుట్టుపక్కల షాపుల్లోనూ ఇరవై ఏళ్లకు పైగా ఈ పనే చేస్తున్నా. పరేషాన్ అవ్వకండి, నెమ్మదిగా చెబుతా.

నిజాంపేట్ తమ్ముడికి జరిగింది నిజమే. కానీ అక్కడ రిజెక్ట్ అయింది విప్పినందుకు కాదు, పిన్ను ఒరిగినందుకు. ఈ రెండూ వేరని తెలిస్తే మీ అనుమానంలో సగం తీరిపోతుంది. విప్పడం వేరు, పాడుచేయడం వేరు. దాదాపు అన్ని కంపెనీల వారంటీ కాగితాల్లోనూ ఉండేది 'మీరు చేసిన మార్పు వల్ల కలిగిన నష్టానికి మా బాధ్యత లేదు' అన్న అర్థం వచ్చే మాట. మీరు ర్యామ్ వేశారు, ఆరు నెలలకు ఫ్యాన్ ఆగిపోయింది అనుకోండి. ఆ రెంటికీ సంబంధం లేదు. ర్యామ్ బలవంతంగా తోసి స్లాట్ విరగ్గొట్టారు, అప్పుడు బోర్డు పోయింది. అది మీ ఖాతాలో పడుతుంది.

ఇక పుస్తకంలో మొత్తం చదవక్కర్లేదు. మీ మోడల్ సర్వీస్ మాన్యువల్ కంపెనీ వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. అందులో 'కస్టమర్ రీప్లేసబుల్' అన్న జాబితా ఉందేమో చూడండి. అంటే వాడేవాళ్లు తామే మార్చుకోగల భాగాలు. డెస్క్‌టాప్‌లలో ర్యామ్, డిస్క్ చాలా వరకు ఆ జాబితాలోనే ఉంటాయి. కంపెనీయే మార్చుకోమని బొమ్మలేసి చూపించిన పనికి వారంటీ తీసేస్తామనడం కుదరదు. తర్వాత క్యాబినెట్ వెనకాల స్క్రూ మీద సీల్ స్టిక్కర్ ఉందా చూడండి. ఉంటే విప్పకండి. కంపెనీ కాల్ సెంటర్‌కి మెయిల్ పెట్టి, రాతపూర్వకంగా జవాబు వచ్చాకే ముట్టుకోండి. ఫోన్‌లో చెప్పింది రేపు ఎవరికీ గుర్తుండదు.

యూట్యూబ్‌లో 'సీల్ స్టిక్కర్ చెల్లదు, చట్టవిరుద్ధం' అనే వీడియోలు చూసి కొందరు మా దగ్గరికి వచ్చి వాదిస్తారు. అది అమెరికాలో 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం సంగతి. ఇక్కడ ఆ చట్టం లేదు. మనకు ఉన్నది వినియోగదారుల రక్షణ చట్టం, దాని లెక్క వేరు.

అన్నిటికన్నా ముందు ఒక ప్రశ్న. 6 నిమిషాల 40 సెకన్లు నాకు నచ్చలేదు. ఎస్ఎస్‌డీ లేని పీసీ నెమ్మదిగానే ఉంటుంది, కానీ ఇంత కాదు. డిస్క్ ఆరోగ్యం ఎప్పుడైనా చూశారా? చెవి దగ్గర పెట్టి వినండి, టక్ టక్‌మని శబ్దం వస్తోందా?

ఉప్పల్_యానిమేటర్
2026 జనవరి 17, మధ్యాహ్నం 2:10

పాతకాపు అన్న అడిగింది చూడటం తేలికే అంకుల్. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంటుంది. ఇన్‌స్టాల్ చేసి తెరిస్తే నీలం రంగు డబ్బా వస్తే బాగున్నట్టు, పసుపు అయితే జాగ్రత్త, ఎరుపు అయితే పోయినట్టే. కింద జాబితాలో 05, సీ5 అన్న వరుసల ఎదురుగా ఏమున్నాయో రాయండి. అలాగే టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, మెమరీ నొక్కితే ఎన్ని ర్యామ్ స్లాట్లు ఉన్నాయో, ఎన్ని వాడుతున్నారో వస్తుంది. పీసీ విప్పక్కర్లేదు.

సైనిక్‌పురి_నాన్న
2026 జనవరి 17, సాయంత్రం 6:45

చూశాను. డబ్బా పసుపు రంగులో ఉంది. 05 వరుసలోనూ, సీ5 వరుసలోనూ సున్నా కాకుండా ఏవో అంకెలు ఉన్నాయి. శబ్దం సంగతి, మా ఆవిడ చాలా రోజులుగా "లోపల ఎవరో వేలితో కొడుతున్నట్టు ఉంది" అంటూనే ఉంది. ఫ్యాన్ అనుకున్నాం. ర్యామ్ స్లాట్లు రెండు, ఒకటి ఖాళీ. వెనకాల స్క్రూల మీద స్టిక్కర్ ఏమీ లేదు.

పార్క్‌లేన్_పాతకాపు
2026 జనవరి 17, సాయంత్రం 7:20

అన్నా, ఇక ఆ పీసీ విప్పకండి. సీటీసీకి కూడా తీసుకురాకండి.

05 అంటే పాడైపోయిన చోట్లను డిస్క్ పక్కన పెట్టి వేరే చోటికి మార్చిన లెక్క. సీ5 అంటే చదవలేక తంటాలు పడుతున్న చోట్లు. అక్కడికి వచ్చిన ప్రతిసారీ డిస్క్ మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది, మీకు పీసీ ఆగిపోయినట్టు కనిపిస్తుంది. అసలు హార్డ్ డిస్క్ పని తీరే నెమ్మది. 7,200 ఆర్‌పీఎం డిస్క్ సెకనుకు 120 చుట్లు తిరుగుతుంది. కావలసిన చోటు, దాన్ని చదివే తల కిందికి వచ్చేసరికి సగటున 4 మిల్లీసెకన్లు తిరగడానికే పోతాయి, తల అటూ ఇటూ జరిగే సమయం దాని మీద అదనం. విండోస్ లేచేటప్పుడు వేల చిన్న ఫైళ్లు అడుగుతుంది. ఆ వేలను ఈ మిల్లీసెకన్లతో గుణించుకోండి, దానికి పాడైన చోట్లు తోడైతే మీ 6 నిమిషాలు వస్తాయి.

అంటే మీ డిస్క్ వారంటీలో ఉండగా చెడిపోతోంది. ఆ డిస్క్ మీకు ఉచితంగా మార్చి ఇవ్వాల్సింది కంపెనీ. మొదట బ్యాకప్, తర్వాత కంప్లైంట్, అప్‌గ్రేడ్ ఆ తర్వాతే. మార్చి దాకా ఆగి ఉంటే 23వ తేదీన డిస్క్ పోయేది, మీరే కొనుక్కునేవాళ్లు. వారంటీ పోతుందని భయపడి ఊరికే కూర్చుని, ఉన్న వారంటీని వాడుకోకుండా పోగొట్టుకున్నవాళ్లను చాలామందిని చూశాను. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నా.

బ్యాకప్ ఈ రాత్రే తీయండి. ఫొటోలు, అమ్మాయి ప్రాజెక్టు, బ్యాంకు కాగితాలు. మొత్తం డిస్క్ కాపీ చేద్దామని దాన్ని రాత్రంతా నడపకండి, ముఖ్యమైనవి ముందు. వారంటీ డిస్కుకే గానీ అందులో ఉన్న డేటాకు ఉండదు. ఏ కంపెనీ కాగితంలోనైనా ఆ మాట స్పష్టంగా రాసి ఉంటుంది.

నిజాంపేట్_నైట్‌షిఫ్ట్
2026 జనవరి 17, రాత్రి 11:50

అన్నా, ఈ కోణం నాకు తట్టలేదు. నా సలహా విని సార్ ఆగి ఉంటే నష్టపోయేవారు. సార్, పాతకాపు అన్న చెప్పినట్టే చేయండి.

బోడుప్పల్_టీచర్
2026 జనవరి 18, ఉదయం 8:15

వారంటీ వర్తించని వాటి గురించి మా అనుభవం ఒకటి రాస్తాను, ఇంకెవరికైనా పనికొస్తుంది. రెండేళ్ల కిందట మా పీసీకి గ్రాఫిక్స్ కార్డు వేయించి, కొన్ని నెలలకు ఆ కార్డు అమ్మేశాం. కార్డు కోసం వెనక రేకు ముక్క విరిచారు కదా, కార్డు తీశాక ఆ సందు అలాగే ఉండిపోయింది. వేలు పట్టేంత సందు. ఎవరం పట్టించుకోలేదు. ఒకరోజు టప్‌మని శబ్దం, కాలిన వాసన. ఆన్‌సైట్ ఇంజనీరు వచ్చి పక్క డోరు తీసి టార్చ్ వేసి చూపించాడు. పవర్ కనెక్టర్ పక్కన బోర్డు మీద బల్లి అతుక్కుపోయి ఉంది. ఒక మూల రెండు తెల్లటి గుడ్లు కూడా.

పురుగులు, ఎలుకలు, బల్లుల వల్ల కలిగిన నష్టం వారంటీలో రాదని పుస్తకంలో ఉంది. ఇంజనీరు తప్పేమీ లేదు, ఫొటో తీసుకుని రిపోర్టు రాసి వెళ్లాడు. బోర్డు ఖర్చు మాదే. కార్డు తీసినా వేసినా ఆ సందు మూసే రేకు అడిగి బిగించుకోండి. షాపుల్లో పాత రేకులు బోలెడు ఉంటాయి, అడిగితే ఇస్తారు.

కరెంటు_మాస్టారు
2026 జనవరి 18, ఉదయం 10:40

టీచరమ్మ చెప్పిన దానికి కొనసాగింపుగా నాదీ ఒక మాట. నేను విద్యుత్ శాఖలో పనిచేసి రిటైరయ్యాను. హెచ్చుతగ్గుల ఓల్టేజీ, పిడుగు, ఎర్తింగ్ సరిగా లేకపోవడం, వీటివల్ల కాలిపోయినవి కూడా వారంటీలో రావు. బోర్డు మీద కాలిన నల్ల మచ్చ కనబడితే చాలు, తిప్పి పంపుతారు.

సైనిక్‌పురి గారూ, పీసీ ఆన్‌లో ఉన్నప్పుడు క్యాబినెట్ వెనక పెయింట్ లేని రేకును వేళ్ల వెనక వైపుతో మెల్లగా తాకితే జుమ్మని అనిపిస్తోందా? అనిపిస్తే మీ ప్లగ్గులో మూడో పిన్ను పేరుకే ఉన్నట్టు. ఎస్ఎంపీఎస్ (పీసీకి కరెంటు అందించే డబ్బా) లోపల ఫిల్టర్ కెపాసిటర్లు ఉంటాయి. ఎర్త్ లేకపోతే వాటి ద్వారా బాడీకి సుమారు సగం ఓల్టేజీ, అంటే 115 దాకా వస్తుంది. కరెంటు చాలా తక్కువ కాబట్టి మనిషికి జుమ్మంటుంది అంతే. కానీ యూఎస్‌బీ పోర్టులు, మానిటర్ కేబుళ్లు ఆ తేడాకే పోతుంటాయి. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి మల్టీమీటర్‌తో న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య చూడమనండి. 3 వోల్టులు దాటకపోతే మంచిది. ఇండిపెండెంట్ ఇల్లయితే ఎర్త్ గుంతలో బొగ్గు, ఉప్పు వేసి ఎన్నేళ్లయిందో గుర్తు తెచ్చుకోండి. మన దగ్గర రాతి నేల, ఎండాకాలంలో ఎండిపోతుంది. వారానికి ఒక బకెట్ నీళ్లు పోస్తే చాలు, చాలా తేడా ఉంటుంది.

సైనిక్‌పురి_నాన్న
2026 జనవరి 19, మధ్యాహ్నం 12:25

మాస్టారు గారూ, నిజంగానే జుమ్మంటోంది. ఇన్నేళ్లు అది మామూలే అనుకున్నాం. సాయంత్రం ఎలక్ట్రీషియన్‌ను రమ్మన్నాను.

బ్యాకప్ పూర్తయింది. అమ్మాయి చిన్నప్పటి ఫొటోల ఫోల్డర్ కాపీ అవడానికే రెండు గంటలు పట్టింది. రెండు వీడియోలు రాలేదు, అందులో ఒకటి దాని మొదటి స్కూలు డాన్సు. మనసు చివుక్కుమంది.

ఇప్పుడు కొత్త చిక్కు. కాల్ సెంటర్‌కి ఫోన్ చేశాను. "నెమ్మదిగా ఉందంటే సాఫ్ట్‌వేర్ సమస్య, విండోస్ మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకోండి, సాఫ్ట్‌వేర్ వారంటీలో రాదు" అని కంప్లైంట్ నమోదు చేయకుండానే పెట్టేశారు. రెండోసారి చేసినా అదే మాట.

వినియోగదారు_మిత్ర
2026 జనవరి 19, మధ్యాహ్నం 3:05

సార్, నేను వినియోగదారుల కేసులు చూసే న్యాయవాదిని. ముందు కేసు దాకా వెళ్లకుండా పని అయ్యే దారి చెబుతాను.

మాట మార్చండి. 'నెమ్మదిగా ఉంది' అనకండి. 'హార్డ్ డిస్క్‌లో బ్యాడ్ సెక్టార్లు ఉన్నాయి, డయాగ్నస్టిక్ టెస్ట్ ఫెయిల్ అయింది' అనండి. చాలా బ్రాండెడ్ పీసీల్లో ఆన్ చేస్తూ ఒక కీ నొక్కితే కంపెనీ సొంత హార్డ్‌వేర్ పరీక్ష వస్తుంది. డిస్క్ పరీక్ష నడపండి, ఫెయిల్ అయితే తెర మీద ఒక కోడ్ వస్తుంది. దాన్ని ఫొటో తీసి, పీసీ సీరియల్ నంబర్, బిల్లు జతచేసి మెయిల్ పెట్టండి. వాళ్ల పరీక్షే ఫెయిల్ అని చెప్పాక సాఫ్ట్‌వేర్ అనలేరు. మెయిల్‌లో ఈ రెండు ఫోన్ల తేదీ, సమయం కూడా రాయండి. వారంటీ తేదీ లోపల కంప్లైంట్ చేశారనడానికి ఆ మెయిలే సాక్ష్యం. ఒకవేళ వాళ్లు నాన్చి మార్చి 22 దాటించినా మీ హక్కు పోదు.

అప్పటికీ కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. తెలుగులో మాట్లాడొచ్చు. ఫిర్యాదు నంబర్ ఇస్తారు, కంపెనీకి పంపుతారు. చాలా వాటికి అక్కడే పరిష్కారం దొరుకుతుంది.

అదీ కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. వినియోగదారుల రక్షణ చట్టం 2019, అమల్లోకి వచ్చింది 2020 జూలై 20న. ఈ చట్టంతో వచ్చిన పెద్ద సౌకర్యం ఏమిటంటే, కంపెనీ ఆఫీసు ఎక్కడున్నా మీరు ఉంటున్న చోట, లేదా పనిచేస్తున్న చోట ఉన్న కమిషన్‌లోనే వేయవచ్చు. వస్తువుకు మీరు చెల్లించిన ధర 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. లాయరు తప్పనిసరి కాదు, మీరే వాదించుకోవచ్చు. సమస్య తలెత్తిన రోజు నుంచి రెండేళ్ల లోపు వేయాలి.

బిల్లు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మా దగ్గరికి వచ్చే సగం మంది అక్కడే ఆగిపోతారు. జీఎస్టీ మిగులుతుందని తెల్ల కాగితం మీద రాయించుకుని కొంటారు. ఆ కాగితంతో వారంటీ అడగలేరు. బిల్లు ఇవ్వకపోవడం చట్టంలో అనుచిత వ్యాపార పద్ధతి. లోపం ఉన్న వస్తువును వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వడానికి నిరాకరించడం కూడా అంతే. బిల్లు మీద గడువు రాసి ఉంటే ఆ గడువు, రాయకపోతే 30 రోజులు. 'అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు' అని రబ్బరు స్టాంపు వేసినంత మాత్రాన చెడిపోయిన సరుకు విషయంలో అది చెల్లదు.

సైనిక్‌పురి_నాన్న
2026 జనవరి 21, రాత్రి 8:30

మిత్ర గారూ, మీకు చేతులెత్తి నమస్కారం. పరీక్ష నడిపితే ఫెయిల్ అని కోడ్ వచ్చింది. మీరన్నట్టే మెయిల్ పెట్టాను. నాలుగు గంటల్లో కంప్లైంట్ నంబర్ ఇచ్చారు, ఈరోజు మధ్యాహ్నం ఇంజనీరు ఇంటికే వచ్చాడు. కుర్రాడు చాలా మర్యాదస్తుడు. ఇరవై నిమిషాల్లో డిస్క్ మార్చి, విండోస్ వేసి, పని పూర్తయినట్టు కాగితం మీద సంతకం తీసుకున్నాడు.

అతన్నే అడిగాను, ర్యామ్, ఎస్ఎస్‌డీ వేయించుకోవచ్చా అని. "వేసుకోండి సార్, మీరు వేసిన వాటికి మా వారంటీ ఉండదు, మిగతా వాటికి మామూలే. మేం వచ్చేటప్పుడు మాత్రం మీవి తీసి, మావి పెట్టి ఉంచండి" అన్నాడు. ఇది మెయిల్‌లో కూడా రాసి పంపమంటే, కంపెనీ నుంచి జవాబు వచ్చింది. దాచుకున్నాను.

పాత డిస్క్ అతను పట్టుకెళ్లాడు. కొత్త డిస్క్ మీద 'రీసర్టిఫైడ్' అని ఉంది. ఇది సరైనదేనా?

పార్క్‌లేన్_పాతకాపు
2026 జనవరి 21, రాత్రి 9:15

సరైనదే అన్నా. వారంటీలో ఇచ్చేది కొత్తదే అయి ఉండాలని ఎక్కడా రాయరు, బాగుచేసి పరీక్షించినది ఇవ్వొచ్చని రాస్తారు. దాన్ని నమ్ముకుని ముఖ్యమైనవి అందులో ఒక్కదానిలోనే పెట్టకండి. డిస్క్ పట్టుకెళ్లడం కూడా మామూలే. అందులో బ్యాంకు కాగితాలు, ఆఫీసు ఫైళ్లు ఉండేవాళ్లు ముందే ఆలోచించుకోవాలి. పాత డిస్క్ మన దగ్గరే ఉంచుకునే ప్లాన్ కొన్ని కంపెనీలు విడిగా డబ్బు తీసుకుని అమ్ముతాయి.

ఆ స్కూలు డాన్సు వీడియో సంగతి విన్నాక బాధేసింది. అప్పట్లో బంధువులకు వాట్సాప్‌లో పంపారేమో అడిగి చూడండి. నాణ్యత తగ్గినా దొరకొచ్చు.

ఉప్పల్_యానిమేటర్
2026 జనవరి 22, ఉదయం 11:00

అంకుల్, ఇక కొనే విషయానికి వద్దాం. రోజంతా వీడియో ఫైళ్లతోనే నా పని, ఎస్ఎస్‌డీల వారంటీ కాగితాలు బాగా చదివాను.

ఎస్ఎస్‌డీ వారంటీకి రెండు హద్దులుంటాయి. ఒకటి ఏళ్లు, రెండోది టీబీడబ్ల్యూ, అంటే మొత్తం ఎంత రాయవచ్చో. ఏది ముందు వస్తే వారంటీ అక్కడితో అయిపోతుంది. బయట రెండు డ్రైవ్‌ల మీదా '5 ఏళ్లు' అనే ఉంటుంది, కానీ రెండూ ఒకటి కావు. శాంసంగ్ 970 ఈవో ప్లస్ 500 జీబీకి 300 టీబీ. క్రూషియల్ పీ3 500 జీబీకి 110 టీబీ. 5 ఏళ్లకు పంచితే మొదటిది రోజుకు 160 జీబీ పైన, రెండోది 60 జీబీ. చదువుకునే అమ్మాయికి 60 జీబీ కూడా ఎక్కువే, కాబట్టి భయపడక్కర్లేదు. నాలాంటి పని చేసేవాళ్లు మాత్రం ఆ అంకె చూడకుండా కొనకూడదు.

మీ బోర్డులో ఎం.2 స్లాట్ (ఎస్ఎస్‌డీని నేరుగా బోర్డులోనే దూర్చే చోటు) ఉందో లేదో, ఉంటే ఎన్వీఎంఈకి (ఎక్కువ వేగం ఉన్న ఎస్ఎస్‌డీ రకం) పనికొస్తుందో మాన్యువల్‌లో చూసుకోండి. పాత తరహా సాటా ఎస్ఎస్‌డీ సెకనుకు 550 ఎంబీ దగ్గర ఆగిపోతుంది, జెన్3 ఎన్వీఎంఈ 3,500 దాకా వెళ్తుంది. నిజం చెప్పాలంటే రోజువారీ పనిలో ఆ రెండింటి మధ్య తేడా మీకు పెద్దగా తెలియదు. హార్డ్ డిస్క్ నుంచి ఏ ఎస్ఎస్‌డీకి మారినా తెలిసే తేడానే అసలు తేడా.

ర్యామ్ మీకు కావలసింది డీడీఆర్4, 3200, 8 జీబీ ఒకటి. ఉన్నదానికి జతగా రెండో స్లాట్‌లో వేస్తే డ్యూయల్ ఛానెల్‌లో, అంటే రెండూ ఒకేసారి పనిచేస్తూ నడుస్తాయి. పొరపాటున డీడీఆర్5 తెచ్చుకోకండి, గాడి వేరే చోట ఉంటుంది, పట్టదు. ధర చూసి ఉలిక్కిపడకండి. ఏఐ డేటా సెంటర్లు మెమరీ అంతా లాగేసుకోవడంతో 2025 చివరి నుంచి ర్యామ్ రేట్లు బాగా పెరిగాయి. మెమరీ తయారుచేసే మైక్రాన్ అయితే క్రూషియల్ పేరుతో మనలాంటివాళ్లకు అమ్మడమే ఆపేస్తున్నామని 2025 డిసెంబర్‌లో చెప్పింది. ఇప్పటికే అమ్మినవాటికి వారంటీ కొనసాగుతుందని కూడా చెప్పింది, కాబట్టి ఉన్నవాళ్లు బిల్లు పారేయకండి.

పెట్టె మీద దిగుమతిదారు పేరు, చిరునామా, ఎంఆర్‌పీ ఉన్న స్టిక్కర్ తప్పకుండా చూడండి. అది లేకపోతే వేరే దేశం సరుకు అయి ఉండొచ్చు, ఇక్కడ వారంటీ అడిగే చోటు ఉండదు. కౌంటర్ దగ్గరే కంపెనీ సైట్‌లో సీరియల్ కొట్టి వారంటీ తేదీ చూసుకోండి. బిల్లు మీద ఆ సీరియల్ నంబర్ రాయించుకోండి.

సైనిక్‌పురి_నాన్న
2026 జనవరి 22, మధ్యాహ్నం 1:10

అమ్మా, ఇంత ఓపిగ్గా రాశావు, సంతోషం. మాన్యువల్‌లో ఎం.2 స్లాట్ ఉంది, ఎన్వీఎంఈకి పనికొస్తుందని రాసి ఉంది. పనిలో పనిగా గ్రాఫిక్స్ కార్డు కూడా వేయమని అమ్మాయి అడుగుతోంది. కుదురుతుందా?

పార్క్‌లేన్_పాతకాపు
2026 జనవరి 22, మధ్యాహ్నం 1:55

అది ఇప్పుడు వద్దన్నా. ఎస్ఎంపీఎస్ మీద స్టిక్కర్ చూడండి, మీ తరహా పీసీల్లో 180 వాట్లే ఉంటుంది. స్లాట్ నుంచి కార్డుకి దొరికేది 75 వాట్లు, అందులో ఇమిడే కార్డులు కొన్నే. పెద్ద ఎస్ఎంపీఎస్ వేద్దామంటే బ్రాండెడ్ పీసీల్లో కనెక్టర్లు చాలాసార్లు వాళ్ల సొంత తరహావి, బయటివి పట్టవు. అప్పుడు బోర్డు దాకా మార్పు పోతుంది, బోర్డు మారితే దానితో వచ్చిన విండోస్ లైసెన్సు కూడా పోతుంది. ర్యామ్, ఎస్ఎస్‌డీ మారిస్తే లైసెన్సుకి ఏమీ కాదు.

రేపు శుక్రవారం రండి, ఆదివారం చాలా షాపులు మూసి ఉంటాయి. పీసీ బస్సులో తేవద్దు. కుదిరితే సామాను మాత్రమే కొనుక్కుని ఇంట్లో వేసుకోండి, మీ వల్ల అవుతుంది. విప్పేముందు ఒకటి చూసుకోండి. సెట్టింగ్స్‌లో డివైస్ ఎన్‌క్రిప్షన్ (డిస్క్‌లోని డేటాకు వేసే తాళం) ఆన్‌లో ఉంటే 48 అంకెల రికవరీ కీ మైక్రోసాఫ్ట్ ఖాతా నుంచి తీసి కాగితం మీద రాసుకోండి. కొన్ని మార్పులకు అది అడుగుతుంది, అప్పుడు లేకపోతే లోపలున్నది చేతికి రాదు.

ప్లగ్గు పీకి, పవర్ బటన్ ఓ పది సెకన్లు నొక్కి పట్టుకోండి, మిగిలిన కరెంటు పోతుంది. విప్పగానే అన్ని వైపులా ఫొటోలు తీయండి, ర్యామ్ స్లాట్లు, సాకెట్ చుట్టూ దగ్గరగా. ఏదీ విరగలేదు, కాలలేదు అనడానికి మీ దగ్గర తేదీతో సహా ఉంటుంది. రేకును ఒకసారి ముట్టుకుని తర్వాత ర్యామ్ పట్టుకోండి, అంచులు మాత్రమే. గాడి సరిపోయిందని చూసుకుని రెండు బొటనవేళ్లతో సమంగా నొక్కితే టక్కుమని చప్పుడు వస్తుంది. చప్పుడు రాలేదంటే దిగలేదు. ఒకవైపు దిగి ఇంకోవైపు లేచి ఉండగా ఆన్ చేయడమే బోర్డులు పోవడానికి నేను చూసే కారణాల్లో పెద్దది. ఎస్ఎస్‌డీ ఏటవాలుగా దూర్చి, వంచి, చిన్న స్క్రూ బిగించాలి. ఆ స్క్రూ చాలా పీసీల్లో ఇవ్వరు, షాపులో అడిగి తెచ్చుకోండి. ప్రాసెసర్, కూలర్ జోలికి మాత్రం వెళ్లకండి.

సైనిక్‌పురి_నాన్న
2026 జనవరి 24, సాయంత్రం 5:40

అయిపోయింది. నిన్న ప్యారడైజ్ మెట్రోలో దిగి నడుచుకుంటూ వెళ్లి తెచ్చాం. రెండింటి బిల్లు మీదా సీరియల్ రాయించాం. ఒక షాపులో ర్యామ్ పెట్టె మీద దిగుమతిదారు స్టిక్కర్ లేదు, వదిలేసి పక్క షాపులో తీసుకున్నాం. స్క్రూ అడిగి తెచ్చాం.

ఈ ఉదయం అమ్మాయే వేసింది, నేను టార్చ్ పట్టుకున్నాను. ర్యామ్‌కి మొదటిసారి చప్పుడు రాలేదు. దాని ముఖం పాలిపోయింది. "ఆగమ్మా, తియ్యి, మళ్లీ పెట్టు" అన్నాను. రెండోసారి టక్కుమంది. విండోస్ ఎస్ఎస్‌డీలో వేసుకున్నాం. టైమర్ పెట్టాను, బటన్ నుంచి బ్రౌజర్ దాకా 21 సెకన్లు.

ఎర్తింగ్ కూడా అయింది మాస్టారు గారూ. ఎలక్ట్రీషియన్ చూస్తే ఆ గదిలో ఎర్త్ వైరు ప్లగ్గు పెట్టెలోనే ఊడి ఉంది. బిగించాక జుమ్మనడం లేదు.

ఒక్క ప్రశ్న మిగిలింది. కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది, వారంటీ మరో ఏడాది పొడిగించుకోమని. తీసుకోమంటారా?

పార్క్‌లేన్_పాతకాపు
2026 జనవరి 24, సాయంత్రం 6:20

అమ్మాయికి నా అభినందనలు చెప్పండన్నా.

పొడిగింపు మీ ఇష్టమే, కానీ చూసుకోవాల్సింది ఒకటుంది. కొనాలంటే మార్చి 22 లోపలే కొనాలి, తర్వాత ఇవ్వకపోవచ్చు, ఇచ్చినా పీసీ చూసి ఎక్కువ అడుగుతారు. నాలుగో ఏడాదిలో పోయే అవకాశం ఉన్నవి మీ పీసీలో రెండే, బోర్డు, ఎస్ఎంపీఎస్. మీ సొంత ఎస్ఎస్‌డీకి, ర్యామ్‌కి విడిగా వారంటీ ఉంది. ఆ బోర్డు కంపెనీది కాబట్టి బయట దొరకడం కష్టం. పొడిగింపు ధర పీసీ కొన్న ధరలో పదో వంతు లోపు ఉంటే నేనైతే తీసుకుంటా. అంతకన్నా ఎక్కువైతే ఆ డబ్బుతో యూపీఎస్ కొంటా.

సైనిక్‌పురి_నాన్న
2026 జనవరి 25, ఉదయం 7:05

పదో వంతు కన్నా తక్కువే ఉంది. తీసుకుంటాను. అమ్మాయిని ఇప్పుడే బస్సెక్కించి వచ్చాను. మీరు చెప్పినట్టు పాత వాట్సాప్ గ్రూపులో అడిగితే, మా వదిన ఫోన్‌లో ఆ డాన్సు వీడియో దొరికింది. కొంచెం మసకగా ఉంది. రెండు చోట్ల కాపీ చేసి పెట్టాను.